నానబాలులో పాలు ఎక్కడుంటాయి?

గత నెల ఈ శీర్షికలో కాలువగట్ల కలుపు మొక్కల గురించి రాస్తూ రెడ్డివారి నానబాలును (శాస్త్రీయనామం యుఫోర్బియా హిర్టా) ఒక్క వాక్యంలో దాటేశాను. అది పాఠకులకు నచ్చలేదని ఈ నెల వచ్చిన ఉత్తరాలు చెబుతున్నాయి. గుంటూరు, తెనాలి, మంగళగిరి, విజయవాడల నుంచి వచ్చినవాటిలో సగానికి పైగా ఆ మొక్క గురించే ఉన్నాయి. కనుక ఈసారి ఈ పేజీని పూర్తిగా దానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, నేను బీఎస్సీ చదువుతున్నాను. ప్రాక్టికల్స్‌లో మాకు నానబాలు కాండం ఇచ్చి అడ్డుకోత కోయమన్నారు. బ్లేడు తగిలిన వెంటనే పాలు బొట్లుబొట్లుగా వస్తున్నాయి కానీ, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే ఆ పాలు ఉండే గొట్టం ఎక్కడా కనిపించడం లేదు. పుస్తకంలో మాత్రం గుండ్రటి గుర్తులు పెట్టి పాలనాళాలని రాశారు. మాకు కనిపించనిదాన్ని రికార్డులో ఎలా గీయాలి?
— ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: కనిపించనిదాన్ని గీయకండి. మీకు అది కనిపించకపోవడానికి కారణం మీ చూపులోనో, చేతిలోనో లేదు, ఆ నాళం స్వభావంలోనే ఉంది.

నానబాలు కాండంలో పాలు ఒత్తిడితో నిండి ఉంటాయి. నీళ్లు నింపిన బుడగకు సూది గుచ్చితే ఎలా చిమ్ముతుందో, బ్లేడు తగిలినప్పుడు పాలు అలాగే ఒక్కసారిగా బయటికి వచ్చేస్తాయి. పాలు ఖాళీ అయిన నాళం పక్కనున్న మామూలు మృదుకణాలలాగే పలుచని గోడతో, ఏ ప్రత్యేకతా లేకుండా కనిపిస్తుంది. దానికి తోడు బయటికి వచ్చిన పాలు వాచ్‌గ్లాసులోని నీటిలో కలిసి తెల్లటి పొగలా కోత మీద కమ్ముకుంటాయి. వెతుకుతున్న వస్తువే కళ్లకు అడ్డం పడుతుందన్నమాట.

దీనికి ఉపాయం ముందురోజే మొదలుపెట్టాలి. కాండాన్ని అంగుళం ముక్కలుగా కోసి 70 శాతం ఆల్కహాలులో ఒక రోజంతా ఉంచండి. నాళంలో మిగిలిన పాలు అక్కడికక్కడే గడ్డకడతాయి. మర్నాడు ఆ ముక్కను క్యారెట్ దుంపలో చీలిక చేసి, మధ్యలో ఇరికించి, పలుచగా కోయండి. అడ్డుకోతతో పాటు తప్పనిసరిగా నిలువుకోత కూడా కోయండి. అడ్డుకోతలో పాలనాళం ఒక చుక్క మాత్రమే. నిలువుకోతలో అది మెలికలు తిరుగుతూ, అక్కడక్కడా కొమ్మలు వేస్తూ, ఇటుకల్లా పేర్చిన కణాల మధ్య నుంచి పోయే పొడవాటి గొట్టంగా దర్శనమిస్తుంది. బాహ్యచర్మానికి లోపల ఉండే వల్కలంలోనూ, ఆహారాన్ని మోసే పోషక కణజాలం చుట్టుపక్కలా వెతకండి. లోపల గడ్డకట్టిన పదార్థం బూడిదరంగులో రేణువుల ముద్దలా ఉంటుంది. ఒక్కసారి గుర్తుపట్టాక అవి మీకు ప్రతి కోతలోనూ కనిపిస్తాయి.

ఇంకొక పని కూడా చేయండి. తాజా మొక్కను తుంచి, వచ్చిన పాలను శుభ్రమైన స్లైడు మీద చిన్న బొట్టుగా తీసుకొని, ఒక నీటిచుక్కతో పలుచన చేసి, పలుచటి అయోడిన్ ద్రావణం ఒక చుక్క కలిపి, కవర్‌స్లిప్ వేసి, 40 రెట్ల కటకం కింద పెట్టి నిదానంగా చూడండి. మొదట నిలకడలేని సన్నటి రేణువులు కోకొల్లలుగా కదులుతూ కనిపిస్తాయి. వాటి మధ్య నీలి నలుపు రంగు ఎక్కినవి పిండిరేణువులు. బంగాళాదుంపలో పిండిరేణువు గుడ్డు ఆకారంలో, లోపల గీతలతో ఉంటుందని మీరు ఇంటర్‌లోనే చూసి ఉంటారు. యుఫోర్బియా ప్రజాతి పాలలోని రేణువులు అలా ఉండవు. కొన్ని జాతుల్లో సన్నని కడ్డీల్లా, కొన్ని జాతుల్లో రెండు చివరలూ ఉబ్బిన ఎముకల్లా ఉంటాయి. మీ స్లైడు మీద ఏ ఆకారం కనిపిస్తే ఆ ఆకారమే రికార్డులో గీయండి. ఈ పిండి గురించి ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. ఇది మొక్క ఆకలికి దాచుకున్న నిల్వ కాదు. ఈ ప్రజాతి మొక్కలను చీకట్లో ఉంచి ఆహారం తయారు కాకుండా చేసినా పాలలోని పిండి తరగలేదని పరిశోధకులు గమనించారు. గాయమైన చోట పాలు గట్టిపడి పూడుకుపోవడానికి ఆ రేణువులు తోడ్పడతాయన్న ఊహ నాకు సమంజసంగానే తోస్తుంది.

ఇక అసలు సంగతి. మీరు నిలువుకోతలో చూసే ఆ గొట్టం కొన్ని కణాలను వరసగా కలిపి చేసినది కాదు. అది ఒకే ఒక కణం. గింజ లోపల పిండం ఉన్నప్పుడే, బీజదళాలు కలిసే కణుపు దగ్గర, కొద్ది కణాలు మిగతావాటి నుంచి విడిపడి పాలకణాలుగా మారతాయి. గింజ మొలిచాక అవి మొక్కతో పాటు సాగుతూ, కొనలతో పక్క కణాల మధ్య సందులు చేసుకుంటూ, శిలీంధ్రపు పోగు చెక్కలోకి చొచ్చుకుపోయినట్లు, కాండంలోకీ వేరులోకీ ప్రతి ఆకులోకీ కొమ్మలు చాస్తాయి. లోపల కేంద్రకాలు పదేపదే విభజన చెందుతాయి కానీ మధ్యలో అడ్డుగోడ మాత్రం లేవదు. ఫలితంగా వందల కేంద్రకాలున్న ఒకే కణం మొక్క పొడవునా పరుచుకుంటుంది. రబ్బరు చెట్టులోనూ, మన పెరట్లోని బొప్పాయిలోనూ పాలనాళాలు ఇలా ఏర్పడవు. అక్కడ ఎన్నో కణాలు ఒకదానికొకటి చేరి, మధ్య గోడలు పూర్తిగానో కొంతవరకో కరిగిపోయి, నాళంగా మారతాయి. మొదటిదాన్ని అసంధిత నాళమనీ, రెండోదాన్ని సంధిత నాళమనీ అంటారు. మర్రి, రావి చెట్ల పాలు కూడా నానబాలు పద్ధతివే. పరీక్షలో ఈ తేడా రాస్తే మార్కులు వస్తాయి, అయితే మార్కుల కోసం కాకపోయినా దీన్ని మనసులో పెట్టుకోండి. కాలి కింద పడి నలిగే జానెడు కలుపు మొక్కలో, గింజలో పుట్టిన కణమే ఆకుకొన దాకా తెగకుండా ఉందన్న మాట నేను ఏ తరగతిలో చెప్పినా వెనకబెంచీ వాళ్లు కూడా తలెత్తేవారు.

అడ్డుకోతలో మిగతా భాగాల గురించి పెద్దగా చెప్పనవసరం లేదు. బయట ఒకే వరస బాహ్యచర్మం, దాని మీద అవభాసిని అనే పలుచని మైనపు పొర, దాని నుంచి ఒకదాని మీద ఒకటి నిలబెట్టిన కణాలతో పొడవైన కేశాలు ఉంటాయి. ఈ కేశాల వల్లే జాతికి హిర్టా అన్న పేరు వచ్చింది, లాటిన్‌లో ఆ మాటకు వెంట్రుకలు కలది అని అర్థం. తులసి ఆకు మీదా, కుక్కవామింట కాండం మీదా ఉన్నట్లు వీటి కొనల్లో స్రావక గ్రంథులు లేవు. తరువాత కాండానికి బలమిచ్చే స్థూలకోణ కణజాలం కొద్ది వరసలు, మృదుకణాల వల్కలం, వలయంగా పోషక కణజాలం, నీటిని మోసే దారువు, మధ్యలో మెత్తటి దవ్వ వస్తాయి. సాఫ్రనిన్ అనే రంగు ద్రావణంలో ముంచితే దారువు ఎర్రగా తేలుతుంది.

ప్రశ్న: మామిడికాయ ముచ్చిక తుంచితే కారే సొనా, నానబాలు పాలూ ఒకటేనా? రెండూ చర్మాన్ని పొక్కిస్తాయి కదా.
— ఒక పాఠకుడు, నూజివీడు

జవాబు: ఒకటి కాదు. మామిడి సొన కణాల మధ్య ఏర్పడిన ఖాళీ కాలువలో ఉంటుంది. ఆ కాలువ చుట్టూ గోడకట్టినట్లు నిలిచిన స్రావక కణాలు సొనను తయారుచేసి ఖాళీలోకి వదులుతాయి. నానబాలులో పాలు కణం బయట కాక, కణం లోపలే ఉంటాయి. మీరు తుంచినప్పుడు కారేది ఒక జీవకణపు లోపలి ద్రవమే. చర్మం మీద పని ఒకేలా కనిపించినా పుట్టుక వేరు, లోపలి రసాయనాలు కూడా వేరు.

ప్రశ్న: మా పాఠశాల ఆవరణలో పెరిగిన నానబాలును ఎనిమిదో తరగతి పిల్లలకు చూపించి పుష్పభాగాలు చెప్పబోయాను. ఆకర్షక పత్రాలు లేవు, రక్షక పత్రాలు లేవు. ఏది పువ్వో నాకే తెలియలేదు. పిల్లల ముందు మౌనంగా ఉండాల్సి వచ్చింది.
— ఒక ఉపాధ్యాయురాలు, పటమట, విజయవాడ

జవాబు: మీరు మౌనంగా ఉండటమే సరైన పని అమ్మా, ఎందుకంటే ఈ విషయంలో లిన్నేయస్ అంతటివాడు కూడా పొరబడ్డాడు. 1753లో ఈ మొక్కకు యుఫోర్బియా హిర్టా అని నామకరణం చేసిన ఆయన, ఈ ప్రజాతి మొక్కల్లో కనిపించే చిన్న గిన్నెను ఒకే పువ్వుగా భావించి, పన్నెండు కేసరాల తరగతిలో చేర్చాడు.

నిజానికి ఆ గిన్నె ఒక పుష్పగుచ్ఛం. దాన్ని సయాథియం అంటారు. ఆకుల మొదట్లో ఆకుపచ్చగా, కొంచెం ఎర్రజీరతో గుండ్రంగా ముద్దకట్టి ఉన్న గుత్తిని తెంపి, భూతద్దం కింద సూదితో విడదీయండి. అందులో ఒక్కొక్క గిన్నె ఆవగింజ కన్నా చిన్నది. గిన్నె మధ్యలో ఒకే ఒక స్త్రీపుష్పం ఉంటుంది. మూడు గదుల అండాశయం తప్ప దానికి మరే అలంకారమూ లేదు. చుట్టూ ఉన్న ఒక్కొక్క కేసరం ఒక్కొక్క పురుషపుష్పం. కేసరం కాడను జాగ్రత్తగా చూస్తే మధ్యలో ఒక కీలు కనిపిస్తుంది. కీలుకు దిగువన ఉన్నది పువ్వు కాడ, ఎగువన ఉన్నది కేసరదండం. అది ఒక పూర్తి పువ్వు అనడానికి ఆ కీలే సాక్ష్యం. పిల్లలకు భూతద్దంలో ఆ కీలును చూపించగలిగితే మీ పాఠం ఫలించినట్లే.

గిన్నె అంచున నాలుగు చిన్న గ్రంథులు ఉంటాయి. వాటికి తెల్లగానో, లేత గులాబీగానో రెక్కల వంటి అంచులుంటాయి. ఈ గ్రంథులు తేనెను స్రవిస్తాయి. అంటే ఈ చిన్న మొక్క రెండు రకాల స్రావాలను తయారుచేస్తుంది. లోపలి పాలు శత్రువును తరమడానికి, బయటి తేనె అతిథిని పిలవడానికి. ఒకటి మూసిన కణంలో దాగి, గాయమైతే తప్ప బయటికి రాదు. మరొకటి అడగకుండానే అంచున ఊరుతుంది.

ప్రశ్న: మే నెల ఎండకు మా డాబా మీద కుండీల్లో మొక్కలన్నీ వాడిపోతుంటే, మెట్ల పక్క సిమెంటు పగుల్లో మొలిచిన నానబాలు మాత్రం పచ్చగా ఉంటోంది. దానికి ఎవరూ నీళ్లు పోయరు. కారణమేమిటి?
— ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: మీ ప్రశ్నకు సమాధానం ఆకు కోతలో ఉంది. ఒక ఆకును తెంపి, సూర్యుడివైపు కాక, తెల్లటి ఆకాశం వైపు ఎత్తి, భూతద్దంతో చూడండి. ఈనెలు లేతగా కాక, ముదురు ఆకుపచ్చ వలలా కనిపిస్తాయి. మిరప ఆకులోనో, పత్తి ఆకులోనో ఈనెలు చుట్టుపక్కల భాగం కన్నా లేతగా ఉంటాయి. ఇక్కడ దానికి తలకిందులు. ఎందుకంటే నానబాలులో ప్రతి సన్నని ఈనె చుట్టూ పెద్ద కణాలు దండలా కూర్చుని ఉంటాయి, వాటి నిండా హరితరేణువులు కిక్కిరిసి ఉంటాయి. దీనిని క్రాంజ్ నిర్మాణం అంటారు. జర్మన్‌లో క్రాంజ్ అంటే దండ అని అర్థం. 1880లలో హాబర్లాండ్ట్ అనే వృక్షశాస్త్రవేత్త దీన్ని వర్ణించాడు, కానీ దాని ప్రయోజనం చాలాకాలం తరువాత గాని తెలియలేదు. 1966లో హ్యాచ్, స్లాక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆస్ట్రేలియాలో చెరకు మీద పనిచేసి, ఆకు గాలిని పట్టుకునే సి4 మార్గమనే ప్రత్యేక పద్ధతిని వివరించాక ఆ దండకు అర్థం దొరికింది.

మామూలు మొక్కల్లో కర్బన ద్విఓషదాన్ని (కార్బన్ డయాక్సైడును) పట్టుకునే ఎంజైము ఎండ ముదిరినప్పుడు పొరపాటున ఆక్సిజన్‌ను కూడా పట్టుకుంటుంది. దాంతో చేసిన పని కొంత వృథా అవుతుంది. నానబాలులో బయటి కణాలు ముందుగా కర్బన ద్విఓషదాన్ని నాలుగు కర్బనాల ఆమ్లంగా పట్టుకొని, దాన్ని ఈనె చుట్టూ ఉన్న దండ కణాలకు అందిస్తాయి. అక్కడ అది మళ్లీ విడుదలై గుమికూడటం వల్ల ఎంజైము పొరపడే అవకాశం బాగా తగ్గిపోతుంది. తక్కువ గాలితోనే పని జరుగుతుంది కాబట్టి పత్రరంధ్రాలను ఎక్కువగా తెరవవలసిన అవసరం లేదు. రంధ్రాలు తక్కువ తెరిస్తే నీరు తక్కువగా ఆవిరవుతుంది. మన జొన్న, మొక్కజొన్న, చెరకు ఈ దారినే నడుస్తాయి. వరి, మిరప, పత్తి ఈ దారిలో లేవు. మే నెలలో మీ కుండీలు వాడిపోవడం, పగుల్లోని కలుపు పచ్చగా నిలవడం ఇందువల్లే. ఇదే ప్రజాతికి చెందిన, పాలు కారే జెముడు మొక్కలు మూడో దారి పట్టాయి, అవి పగలు రంధ్రాలు మూసుకొని రాత్రిపూట గాలి పీలుస్తాయి. ముళ్లు చూసి నాగజెముడును కూడా ఈ కుటుంబంలో కలపకండి, దాన్ని తుంచితే పాలు రావు.

ప్రశ్న: మా అమ్మమ్మ బాలింతలకు పాలు పడటానికి నానబాలు ఆకు పప్పులో వేసి పెట్టేది. పులిపిర్లకు దాని పాలు రాసేది. మొన్న మా మనవడు ఆ మొక్కతో ఆడుకుంటూ చేతులు కళ్లకు రుద్దుకున్నాడు. కళ్లు ఎర్రబడి రాత్రంతా ఏడ్చాడు. ఈ మొక్క మంచిదా, చెడ్డదా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు పిల్లవాడి సంగతి చెప్పండమ్మా. ఇప్పటికీ కన్ను ఎర్రగా ఉన్నా, వెలుతురు చూడలేకపోతున్నా, నీరు కారుతున్నా ఈ జవాబు పూర్తిగా చదవడానికి కూడా ఆగకుండా కంటి డాక్టరుకు చూపించండి. యుఫోర్బియా పాలు కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొరకూ, లోపలి భాగాలకూ వాపు వస్తుందని వైద్యులు చాలాకాలంగా నమోదు చేస్తూనే ఉన్నారు. పాలు పడిన వెంటనే ధారగా శుభ్రమైన నీటితో చాలాసేపు కడగాలి. చనుబాలు, ఆముదం, తేనె వంటివి కంట్లో వేయకూడదు. చేతికి అంటిన పాలను ఆరకముందే సబ్బుతో కడుక్కోవాలి.

మీ అమ్మమ్మగారి నమ్మకం పుట్టిన చోటు నాకు అర్థమవుతుంది. మొక్కలో పాలు ఉన్నాయి కనుక తల్లికి పాలు ఇస్తుందని పెద్దలు అనుకున్నారు, సంస్కృతంలో కూడా దీని వర్గానికి దుగ్ధిక అన్న పేరుంది. కానీ మొక్క పాలలో ఉన్నవి పిండి, రబ్బరు వంటి రేణువులు, జిగురు పదార్థాలు, టెర్పీన్లు, మాంసకృత్తులను కరిగించే ఎంజైములు. తల్లిపాలకూ వీటికీ రంగు తప్ప చుట్టరికం లేదు. పాలు పడటం లేదన్న బాలింతకు ఈ ఆకు పెట్టి కాలం గడపవద్దు, ముందుగా డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాలి.

అయితే మొక్కకు ఔషధగుణం లేదని నేను అనడం లేదు. విరేచనాలకు నానబాలు వాడుక చాలా దేశాల్లో ఉంది. ఈ మొక్కలోని క్వెర్సిట్రిన్ అనే ఫ్లేవనాయిడ్‌కు ఆ గుణం ఉందని ఎలుకల మీద చేసిన పరీక్షల్లో కనిపించింది. ఫ్లేవనాయిడ్లు సాధారణంగా ఆకు కణాల లోపల రిక్తికలనే ద్రవపు సంచుల్లో నిల్వ ఉంటాయి. మనం మందు అనుకొని ఆశపడే పాలు ఒక గదిలో, పరీక్షకు నిలిచిన పదార్థం మరో గదిలో ఉన్నాయి. ఇదంతా నేను ఇంత వివరంగా రాయడానికి కారణం ఇదే. మొక్కను మొత్తంగా మంచిదనో చెడ్డదనో అనేకన్నా, ఏ కణంలో ఏముందో తెలుసుకుంటే మీ మనవడి కంటికీ, మీ అమ్మమ్మగారి వైద్యానికీ విడివిడిగా న్యాయం చేయవచ్చు. పులిపిర్ల మీద ముఖానికి దగ్గరగా ఆ పాలు ఎప్పుడూ రాయవద్దు.

ప్రశ్న: మూలికల దుకాణంలో నానబాలు పొడి అని అమ్ముతున్నారు. అది నేల ఉసిరి పొడి కాదని ఎలా తెలుస్తుంది? రెండూ ఆకుపచ్చగానే ఉన్నాయి.
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కంటితో తెలియదు, సూక్ష్మదర్శినితో తెలుస్తుంది. పొడిని కొద్దిగా నీటిలో ఉడికించి, గ్లిజరిన్‌లో స్లైడు మీద పరచండి. నానబాలు పొడిలో వరసగా పేర్చిన కణాలతో కూడిన కేశాల ముక్కలు తప్పక దొరుకుతాయి. నేల ఉసిరి ఆకు నున్నగా ఉంటుంది, దానిలో అవి దొరకవు. నానబాలు ఆకు ముక్కల్లో ఈనెల చుట్టూ దండ కణాలు కనిపిస్తాయి. నేల ఉసిరిని ఒకప్పుడు నానబాలు ఉన్న ఆముదపు కుటుంబంలోనే ఉంచినా ఇప్పుడు వేరు చేశారు, దాన్ని తుంచితే పాలు కూడా రావు. పొడిగా కొనేకన్నా ఎండిన మొక్కను ముక్కలుగా కొనడం మేలు. ఎదురెదురు ఆకులు, ఒకవైపు కుంగినట్లుండే ఆకు మొదలు, కణుపుల దగ్గర ముద్దగా ఉండే పూగుత్తులు ఎండినా పోవు, వాటిని గుర్తుపట్టడానికి భూతద్దం చాలు.